ఇంటికొక వేలిముద్ర

ఎర్రకొట్టాలకు కరెంటు వచ్చిన రోజు కూడా అంత గగ్గోలు లేదు గానీ, స్క్రూటినీ అన్న మాట వచ్చిన రోజు మాత్రం బొంతల వీధికి అన్నం సహించలేదు. ఆ మాటను మోసుకొచ్చినవాడు తలారి గంగప్ప. ఎనభై ఒకటో సంవత్సరం, నడి ఎండాకాలం, పంచాయతీ ఎన్నికల రోజులు. వీధి మొగదల నిలబడి తప్పెట మీద రెండు దెబ్బలు వేసి గొంతెత్తాడు.

"రేపు పొద్దున పది గంటలకు బడికాడ స్క్రూటినీ! నామినేషన్ ఏసినోళ్ళంతా రావల్ల! రాకపోతే ఆపీసరుకు పూచీ లేదంట!"

గడపలో కూర్చుని బొంత కుడుతున్న ఓబమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ సీటుకు నామినేషన్ వేసినవాళ్ళు ఇద్దరే. అందులో తానొకతి.

"అదేంది గంగప్పా, స్క్రూటినీ అంటే?"

"నాకేం తెల్సు తల్లీ. నోరు తిరగని మాట చెప్పి పంపినారు, అరిచి పోతాండా. జయరామన్న మనుషులేమో పండ్లు కూడా లెక్కపెడతారని చెప్తాండారు."

పండ్లు లెక్కపెట్టేది సంతలో ఎద్దులకు. ఓబమ్మ తెలియకుండానే నాలుకతో లోపల తడుముకుంది. ఎడమవైపు ఒకటి తక్కువ. అయిపోయిందిరా దేవుడా అనుకుంది.

అంత భయం ఎందుకంటారా? ఉంది మరి. గార్లదిన్నె నుంచి ఆరు మైళ్ళు ఎర్రమట్టి బాట పట్టుకుని నడిస్తే వచ్చే ఆ ఊళ్ళో, పదకొండేళ్ళుగా ఆ సీటు సుబ్బరత్నమ్మది. సుబ్బరత్నమ్మది అనడం కూడా మర్యాదకే. మీటింగుకు పోయేది ఆమె మొగుడు జయరాముడు, కుర్చీలో కూర్చునేది జయరాముడు, టీ తాగేది జయరాముడు. మూడేళ్ళ కిందట ఊరికో బోరింగు మంజూరైంది. కాగితాల్లో బొంతల వీధికని రాశారట. భూమిలోకి దిగింది మాత్రం జయరాముడి పశువుల కొట్టం ముందర. ఆయన ఎద్దులు కడుపునిండా తాగి తోకలాడించుకుంటూ ఉంటే, బొంతల వీధి ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని రెండు మైళ్ళ దూరాన వంకలో చెలమ తవ్వుకుని, గిన్నెతో గిన్నెడు తోడుకుని రావాలి. ఈ ఏడు ఇంకో బోరింగు వస్తుందని అందరూ అంటున్నారు. అది ఎక్కడ దిగాలో చెప్పేది మెంబరే. ఓబమ్మ నామినేషన్ నిలబడితే వీధికి నీళ్ళు. కొట్టేశారా, సుబ్బరత్నమ్మ మళ్ళీ ఏకగ్రీవం, బోరింగు మళ్ళీ కొట్టానికే.

ఓబమ్మకు ఓట్ల భయం లేదు. కాగితం భయం. కాగితం మీద ఆమె ఒక పని చేసింది. చేసినప్పుడు అది గొప్ప పని అనే అనుకుంది.

సూదీ గుడ్డా పక్కన పెట్టి, చెంగు దోపుకుని, యేసన్న ఇంటికి పరుగెత్తింది.

యేసన్నకు డెబ్బై ఏళ్ళు. క్రైస్తవ గుడిలో పూజ అంతా లాటిన్‌లోనే జరిగే కాలంలో ఒక విదేశీ ఫాదరు దగ్గర ఇరవై ఏళ్ళు మతబోధ చేసే ఉపదేశిగా పనిచేశాడు. ఆ భాషను ఆయన లత్తీను అంటాడు. ఇప్పుడు దానితో మాట్లాడేవాళ్ళు లేక మేకలను ఆ భాషలోనే తిడతాడు. ఓబమ్మ నామినేషన్ కాగితాన్ని పూర్తిచేసింది కూడా ఆయనే. ప్రతిపాదించేవారి పేరు దగ్గర వీధిలో అందరికంటే పెద్దదైన నల్లమ్మ పేరు, ఓటరు నంబరు రాసి, "ఈ గడిలో అవ్వతో ఏలు ఎయ్యించి ఇచ్చిరా" అని చెప్పి, చెల్లెలి కూతురి పెళ్ళికి పామిడి పోయినవాడు, తప్పెట మోగిన ఈ పొద్దే తిరిగి వచ్చాడు.

"చిన్నాయనా, స్క్రూటినీ అంటే ఏంది? పండ్లు లెక్కపెడతారా?"

యేసన్న నవ్వాడు. "పండ్లు కాదులే అమ్మీ, కాగితం చూస్తారు. అన్నీ సరింగా ఉండాయా లేదా అని. నీకేం భయం? అవ్వతో ఏలు ఎయ్యిస్తివి కదా?"

"ఎయ్యిస్తి."

"మరింకేమి?"

ఓబమ్మ కాలి బొటనవేలితో నేల గీకింది. "అవ్వ ఒక్కతే కాదు చిన్నాయనా. అందరూ ఏసినారు."

"అందరూ అంటే?"

"ఇంటికొకరు."

యేసన్న నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

ఆమె చెప్పింది విన్నాక, తిట్టడానికి కూడా ఆయనకు మనసు రాలేదు. ఆ వీధిలో బిడ్డ పుడితే బొంత ఎలా కుడతారో ఆయనకు తెలుసు. పసిబిడ్డకు కొత్తగుడ్డ తగలనివ్వరు. ఇంటికొక పాత పేలిక అడిగి తెచ్చి, అన్నీ కలిపి కుట్టి, అందులో పడుకోబెడతారు. ఒక్క ఇల్లు తప్పినా ఆ బొంత బొంత కాదు. పైగా వీధి అవతలి నుంచి ఇంకొక పేలిక తెచ్చి కలుపుతారు. అది ఏ ఇంటిదో కుట్టినామె ఎవరికీ చెప్పదు. చెబితే బిడ్డకు దిష్టి అంటారు. ఓబమ్మ ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తోంది. ఆమె ముఖాల కంటే చేతులను ఎక్కువగా చూసింది. గడప అవతలి నుంచి పేలిక అందించే చెయ్యి చూస్తే చాలు, ఎవరో చెప్పేయగలదు. అలాంటి మనిషి చేతికి కాగితం ఇచ్చి, ఒక్క వేలు చాలంటే ఊరుకుంటుందా? వీధి కోసం నిలబడుతూ వీధిలో పదహారు గడపలుంటే ఒక్క గడపను అడిగి మిగతావాళ్ళను వదిలేస్తే ఏం మర్యాద? కాగితాన్నీ ఇంకు డబ్బానూ నల్లమ్మ ఇంట్లో పెట్టి తాను వంకకు నీళ్ళకు పోయింది. నల్లమ్మకు కళ్ళు సరిగా ఆనవు. వచ్చిన ప్రతి అలికిడికీ "ఇంటికొక ఏలు ఎయ్యండమ్మా" అంటూ కూర్చుంది. సాయంత్రానికి కాగితం నిండిపోయింది. అంచుల్లో, వెనక్కి, అడ్డంగా. చివరికి వచ్చిన ఇద్దరు చోటు లేక నల్లమ్మ గడిలోనే పక్కపక్కన నొక్కిపోయారు.

"పోయినట్టేనా చిన్నాయనా?" ఓబమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనే చెడగొట్టుకుంటినా?"

ఎందుకో యేసన్న పెదవులు కదిలాయి. మెల్లగా భుజాలు ఊగాయి. చివరికి పగలబడి నవ్వాడు.

"నీకు నవ్వు వస్తాందా?" ఓబమ్మకు ఒళ్ళు మండింది.

"కాదమ్మీ, కాదు. ఆ మాట యాడ పుట్టిందో ఇప్పుడు గుర్తొచ్చె. స్క్రూటినీ ఇంగ్లీషోళ్ళది కాదు. లత్తీను నుంచి తీసుకున్నారు. లత్తీనులో స్క్రూతా అంటే ఏమనుకున్నావు? పేలికలు. చినిగిన గుడ్డలు, పగిలిన సామాన్లు, పనికిరాని పాత సరుకు. స్క్రూతారీ అంటే ఆ పేలికల కుప్పలో చెయ్యి పెట్టి ఎతికేది. మా ఫాదరు చెప్పినాడు నాకు."

ఓబమ్మ కన్నీళ్ళు తుడుచుకోవడం మరచిపోయింది. "పేలికలు ఎతికేదా?"

"అంతే! ఎప్పుడో పాత కాలంలో ఎవరో పేలికలు ఏరుకునేటోళ్ళు కుప్ప ముందర కూర్చుని, పైకి తీసి, ఎలుతురుకు పట్టి, ఇది చెల్లుతాది ఇది చెల్లదు అని చూస్తాంటే పుట్టిన మాట. తర్వాత గుడికి వచ్చింది. జ్ఞానస్నానం కావల్లన్నోళ్ళను ముందర నిలబెట్టి మనసు ఎట్లుండాదో ఎతికి చూసేదాన్ని కూడా స్క్రూటినీ అనేటోళ్ళు. పోపుగారిని ఎన్నుకునేటప్పుడు చీటీలు తీసి చూసేదీ అదే. ఆడనుంచి కోర్టుకు పోయింది, కచేరీకి పోయింది, పిల్లోళ్ళ పరీక్ష పేపర్లకు పోయింది, తిరిగి తిరిగి రేపు మన బడికాడికి వస్తాంది."

"అంటే చిన్నాయనా..." ఓబమ్మ ముఖం మెల్లగా విప్పారింది. "ఆ ఆపీసరు చేసేది నా పనే."

"నీ పనే. నీకంటే బాగా చేసేటోడు ఈ తాలూకాలో లేడు. కాగితం నిలబడతాదో లేదో నేను చెప్పలేను గానీ, మాట చూసి భయపడొద్దు."

ఓబమ్మ ఇంటికి పోయి కడుపునిండా సంగటి తినింది.

మరునాడు బడి ముందర జాతరలా ఉంది. వీధి వీధంతా వచ్చింది. పిల్లలు కిటికీలకు వేలాడారు. లోపల బల్ల వెనుక కూర్చున్న ఎన్నికల ఆఫీసరు హనుమంతరాయుడు కోస్తా వైపు చదువుకుని వచ్చిన మనిషి, కళ్ళద్దాలు, బక్కపలచన. ఎండకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒకవైపు జయరాముడు తెల్లపంచెలో నిలబడ్డాడు. ఆయన వెనుక సుబ్బరత్నమ్మ తల వంచుకుని ఉంది. ఎడమ బొటనవేలికి దట్టంగా పసుపు పట్టించి ఉంది. పాపం ఏ కొడవలో తగిలి తెగినట్టుంది అనుకుంది ఓబమ్మ.

ఆఫీసరు ఓబమ్మ కాగితం తీశాడు. తీసి, ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏమ్మా, ఇదేమిటి? కోడిపిల్లలు తొక్కాయా?"

జనం గొల్లున నవ్వారు. జయరాముడు అదను కోసమే చూస్తున్నాడు.

"నేను అభ్యంతరం చెప్తాండా సార్. ఒకరు ప్రతిపాదించల్లంటే ఊరంతా ఏసినారు. ఆ గడిలో చూడండి, మూడుండాయి. అందులో నల్లమ్మది ఏది? ఒకటేమో ముద్రే కాదు, ఉత్త ఇంకు మరక. నల్లమ్మ ఏలు లేదు కాబట్టి ప్రతిపాదనే లేదు. కొట్టేయండి."

అడ్డదిడ్డంగా వాదించాడని అనలేం. మాట సూటిగానే ఉంది. ఆఫీసరు భూతద్దం తీసి ఆ గడి మీద పెట్టి చాలాసేపు చూశాడు. మూడింటిలో రెండింటికి గీతలు చక్కగా ఉన్నాయి. మధ్యలో ఉన్నది మాత్రం నున్నటి ఊదా చుక్క. ఒక్క గీత లేదు.

"ఈ రెండూ ఎవరివి?"

మారెమ్మ, ఆంజినమ్మ మెల్లగా ముందుకొచ్చి తమవేనని ఒప్పుకున్నారు.

"అంటే నల్లమ్మది ఈ మరకేనా? ఇది వేలిముద్ర అని నేనెలా నమ్మాలమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అందుకే ఓబమ్మకు ధైర్యం వచ్చింది.

"కాగితం ఒక్కసారి నాకియ్యండి సార్. ఈడనే చూసి ఇస్తా."

కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టింది. పాత చీర చిరుగు వెతికేటప్పుడు అలాగే పడుతుంది, కొంచెం వంచి, ఒక కన్ను మూసి.

"మా అవ్వ అరవై ఏండ్లు బొంతలు కుట్టింది సార్. కింద పట్టుకునే ఏలు ఇది. సూది దిగిన ప్రతిసారీ దీని మీదే దిగల్ల. గీతలు యాడుంటాయి? అన్నీ బొంతల్లోకే పోయినాయి. కానీ ఒకటి ఉండాది. మా పెద్దబ్బి పుట్టిన ఏడు దబ్బనం విరిగి లోపల దిగిపోయింది. నేనే తీసినా. ఆ గాటు ఏటవాలుగా ఉంటాది, బియ్యపు గింజంత. ఈ మరకలో కుడిపక్క చూడండి. ఇంకు అంటని తెల్ల గీత."

ఆఫీసరు భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికే వచ్చాడు. చూశాడు. భూతద్దం పక్కకు తీసి ఉత్త కంటితో చూశాడు.

"అవ్వను రమ్మనండి."

నల్లమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చారు. తెల్ల కాగితం మీద ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వేలు వేయించారు. మూడుసార్లూ అదే నున్నటి మరక, అదే బియ్యపు గింజ. కిటికీలకు వేలాడుతున్న పిల్లలు ఈలలు వేశారు. ఓబమ్మకు గుండె నిండిపోయి ఎగిరి గంతు వేయాలనిపించింది. ఆఫీసరు ఎదుట ఉండబట్టి ఆగింది గానీ, లేకపోతే వేసేదే.

"ప్రతిపాదన ఉంది," అన్నాడు హనుమంతరాయుడు. "సరే, మిగతావి ఎందుకమ్మా ఇన్ని?"

"బొంతకు ఇంటికొక పేలిక కదా సార్. మాది పదహారు గడపల వీధి. ఎవర్నీ ఇడిసిపెట్టేది తెలీదు మాకు."

ఆయన నవ్వుతూ పెన్ను మూత తీశాడు. ఇక రాయబోతుండగా జయరాముడు బల్ల దగ్గరికి వచ్చాడు. ఇందాకటి నుంచి ఊరికే నిలబడలేదు ఆయన. లెక్కపెట్టాడు.

"పదహారు గడపలంట. కాగితం మీద పదిహేడు ఉండాయి సార్. ఆ ఎక్కువ ఏలు ఎవరిది? దొంగముద్ర! ఎవరిదో చెప్పమనండి. చెప్పకపోతే ఈ కాగితమే దొంగకాగితం!"

ఆఫీసరు లెక్కపెట్టాడు. పదిహేడే. పెన్ను మూత మళ్ళీ పెట్టాడు. "చెప్పమ్మా. ఇది తేలకుండా నేను సంతకం చెయ్యలేను."

ఓబమ్మ ఒక్కొక్క ముద్ర మీదా వేలు పెడుతూ పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. పాపన్నది. పెద్దక్కది. అంజినప్పది. చెప్పినవాళ్ళంతా అవునని తలలు ఊపారు. కాగితం వెనుక, కింది మూలన, ఎవరికీ కనబడకూడదన్నట్టు వేసిన ముద్ర దగ్గర ఆమె వేలు ఆగింది. కొస తెగిపోయిన వేలు. తెగినచోట అర్ధచంద్రుడిలా ఒక వంపు. రెండు నెలల కిందట తన మనవరాలికి బొంత కుట్టమని గడప అవతలి నుంచి ఆకుపచ్చ చీర ముక్క అందించిన చేతికి ఆ వంపు ఉంది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే తెగిందని చెప్పింది ఆ మనిషి.

ఓబమ్మ తలెత్తింది. మొగుడి వెనుక సుబ్బరత్నమ్మ పసుపు వేలిని గుప్పిట్లో దాచుకుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది కొత్తగా తెగిన గాయం కాదన్నమాట. ఇంకు కనబడకుండా పసుపు పూసుకుంది.

ఒక్క మాట చాలు. ఆ మాట అంటే నామినేషన్ నిలబడుతుంది, జయరాముడి తల బల్ల కిందికి పోతుంది, వీధికి నీళ్ళు వస్తాయి. కానీ ఆ మనిషి ఈ మొగుడితోనే ఇంటికి పోవాలి.

"చెప్పలేను సార్."

"తెలియదా?"

"తెల్సు. చెప్పకూడదు. బొంతలో ఒక పేలిక ఎవరిదో చెప్పం సార్. కావల్లంటే కాగితం కొట్టేయండి."

వీధి మొత్తం అయ్యో అంది. యేసన్న కళ్ళు మూసుకున్నాడు. జయరాముడు మీసం మీద చెయ్యి వేశాడు.

"అది నా ఏలు సార్."

ఎవరన్నారో మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొంతు ఊళ్ళో చాలామంది విననే లేదు. సుబ్బరత్నమ్మ ముందుకొచ్చింది.

"ఏందే నువ్వు చెప్పేది? గమ్మునుండు!" జయరాముడు అరిచాడు.

"పదకొండేండ్లు గమ్మునే ఉంటి కదా." ఆమె మొగుడి వైపు చూడలేదు. "నేను మెంబర్ని సార్. ఒక్క కాగితం మీద నేను ఏలు ఎయ్యలేదు. అన్నీ ఈయప్పే రాసుకున్నాడు. మొన్న మనవరాలి బొంత తీసుకుందామని ఆ వీధికి పోతే ఓబక్క లేదు. అవ్వ ఇంట్లోకి తొంగి చూస్తే, ఇంటికొక ఏలు ఎయ్యండమ్మా అనె. నేనెవరో అవ్వకు ఆనలేదు. నన్ను ఏలు ఎయ్యమని అడిగినోళ్ళు అంతవరకూ ఎవరూ లేరు సార్. శానా సంతోషమాయె. ఏసినా."

ఆఫీసరు ఓబమ్మ కాగితాన్ని పక్కన పెట్టాడు. తర్వాత రెండో నామినేషన్ తీశాడు. దాని మీద సుబ్బరత్నమ్మ అని గుండ్రటి అక్షరాల్లో సంతకం ఉంది.

"మరి ఈ సంతకం మీది కాదా అమ్మా?"

"నాకు రాసేది రాదు సార్."

జయరాముడు కిటికీ వైపు చూశాడు. అక్కడ పిల్లలు పళ్ళికిలిస్తున్నారు. తలుపు వైపు చూశాడు. అక్కడ గంగప్ప తప్పెట పట్టుకుని ఆత్రంగా నిలబడి ఉన్నాడు.

"ఇంత గట్టిగా స్క్రూటినీ చెయ్యమన్నది మీరే కదండీ," అన్నాడు హనుమంతరాయుడు మెత్తగా, సుబ్బరత్నమ్మ కాగితం మీద అడ్డంగా గీత గీస్తూ. "ఓబమ్మ నామినేషన్ అంగీకరించడమైనది. ఇక పోటీ లేదు."

ఆ తర్వాత ఆయన ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. గంగప్ప ఎవరూ చెప్పకుండానే తప్పెట మొదలుపెట్టాడు. యేసన్న లత్తీనులో ఏదో పాట ఎత్తుకున్నాడు. ఓబమ్మ ఇంకెవరి కోసం ఆగుతుంది? బడి ముందరే గంతు వేసింది. బోరింగు సంగతి అడుగుతారేమో, శ్రావణం వెళ్ళకముందే బొంతల వీధి నడిమధ్యన దిగింది.

దాని కింద మొదటి బిందె పట్టిన రోజున సుబ్బరత్నమ్మ కూడా వచ్చింది, చంకలో మనవరాలు, నెత్తిన బిందె.

"మీ కొట్టం కాడ నీళ్ళుండాయి కదమ్మా?" అంది ఓబమ్మ ఆటపట్టిస్తూ.

"ఉండాయి. మాట్లాడేదానికి మనుషులు లేరక్కా," అంది ఆమె. ఇంట్లో ఎట్లుండాదని ఓబమ్మ గొంతు తగ్గించి అడిగితే, "నెల దినాలు మాట్లాడలేదు. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా నా ముందర పెట్టి, ఏలు ఎయ్యమని అడుగుతాండాడు," అని కిసుక్కున నవ్వింది.

నల్లమ్మ అరుగు మీద నుంచి కొత్త గొంతు విని చెయ్యి చాపింది. సుబ్బరత్నమ్మ తన చెయ్యి ఇచ్చింది. ముసలామె ఆ వేళ్ళను ఒక్కొక్కటే తడిమి, కొస తెగిన బొటనవేలి దగ్గర ఆగింది.

"ఎవరో అనుకుంటి," అంది నల్లమ్మ. "మన వీధి ఏలే కదమ్మా."